కరిగీ కరగని మందు లెక్క

గ్లాసు నీళ్లలో ఉప్పు కరిగిందో లేదో కంటితోనే చెప్పొచ్చు. లీటరు నీళ్లలో పది మిల్లీగ్రాములు కూడా కరగని మందు విషయంలో ఆ కన్ను పనికిరాదు. నీళ్లు తేటగా ఉన్నా, కనబడనంత సన్నని రేణువులు అందులో తేలుతుండొచ్చు.

ఇలాంటి మందు ఎంత కరుగుతుందో కొలవడానికి ప్రయోగశాలల్లో పాత పద్ధతినే ఇప్పటికీ నమ్ముతారు. కరిగేదానికన్నా ఎక్కువ పొడిని సీసాలోని నీళ్లలో వేసి, 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కుదుపుతారు. 24 గంటలకూ 48 గంటలకూ తీసిన నమూనాల్లో గాఢత ఒకేలా ఉంటే, ద్రావణం సంతృప్తమైందని అర్థం. అసలు చిక్కు వడపోతలో ఉంది. కరగని రేణువులు కిందికి జారితే కొలిచిన గాఢత ఉన్నదానికన్నా పెరుగుతుంది. వడపోత పొర కరిగిన మందును పీల్చేస్తే తగ్గుతుంది. అందుకే మొదట వడిసిన కొద్ది ద్రావణాన్ని పారబోస్తారు. మిగిలినదాన్ని, ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో కొలుస్తారు.

అడుగున మిగిలిన పొడిని ఎక్స్‌రేతో చూడటం మాత్రం ఎవరూ మానకూడదు. కుదిపేటప్పుడే దాని స్ఫటిక రూపం మారిపోవచ్చు.

స్ఫటిక రూపం మారితే ఎంత చిక్కో రిటోనవిర్ కథ చెబుతుంది. 1996లో వచ్చిన ఈ హెచ్‌ఐవీ మందు ఎంతోమందికి ఊపిరి పోసింది. 1998లో దాని తయారీలో కొత్త స్ఫటిక రూపం తలెత్తింది. అణువు అదే, కరుగుదల మాత్రం బాగా తక్కువ. క్యాప్సూళ్లు కరుగుదల పరీక్షలో నెగ్గకపోవడంతో తయారీ సంస్థ అబాట్ వాటిని నిలిపేసింది. 1999లో ఫ్రిజ్‌లో దాచే మెత్తని క్యాప్సూల్ వచ్చేదాకా రోగులు నోటికి సహించని ద్రవాన్నే తాగాల్సి వచ్చింది.