తొలి తుపాకీ... గురి ముఖ్యం!

నవంబరు నెలాఖరు వచ్చిందంటే చాలు... అమెరికాలోని పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో జింకల వేట సందడి మొదలవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో వేట నేరమైంది. అక్కడ మాత్రం లైసెన్సు తీసుకుని, అనుమతించిన రోజుల్లో, అనుమతించిన సంఖ్యలో వేటాడొచ్చు. కొత్తవాళ్లయితే సాధారణంగా ముందు భద్రతా శిక్షణ పూర్తిచేయాలి. ఆ తర్వాతే అసలు ప్రశ్న- తొలి రైఫిల్ ఏది కొనాలి?

తన్నే తుపాకీ వద్దు!
కొత్తవాళ్ల చూపు పెద్ద తుపాకీ మీదే ఉంటుంది. కానీ తూటా శక్తి పెరిగేకొద్దీ తుపాకీ భుజాన్ని వెనక్కి తన్నడమూ పెరుగుతుంది. రెండుసార్లు ఆ దెబ్బ తిన్నవాళ్లకి మూడోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతాయి. ఇంకేముంది, గురి గల్లంతే! అందుకే 1906 నుంచీ పేరున్న .30-06 కన్నా, తక్కువగా తన్నే .243 వించెస్టర్ తూటా వాడే రైఫిల్ మొదట్లో మేలంటారు. జింకకి అది చాలు. ఒక్కో తూటాని చేత్తో ఎక్కించే బోల్ట్ యాక్షన్ రకమైతే వాడటమూ తేలికే.

స్కోపు సంగతి
రైఫిల్ మీద బిగించే దుర్భిణే స్కోపు. '3-9×40' అంటే వస్తువుని 3 నుంచి 9 రెట్లు పెద్దది చేసి చూపుతుందనీ, ముందు అద్దం వెడల్పు 40 మిల్లీమీటర్లనీ అర్థం. ఎక్కువ రెట్లు ఉంటే మంచిదేగా అనుకుంటాం. కానీ జింకలు ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, మునిమాపువేళ. 40ని 9తో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు 4.4 మిల్లీమీటర్లే. మసకవెలుతురులో కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అందుకే అప్పుడు రెట్లు తగ్గిస్తేనే బొమ్మ వెలుగ్గా కనిపిస్తుంది. కంటికీ స్కోపుకీ మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. లేదంటే తుపాకీ తన్నినప్పుడు కనుబొమ చిట్లుతుంది!

పళ్లెం చెప్పే హద్దు
స్కోపు బిగించగానే పనైపోదు. 100 గజాల దూరంలో గుర్తు పెట్టి కాల్చి, తూటా పడేచోటుకి స్కోపుని సరిచేసుకోవాలి. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండేచోటు సుమారు 8 అంగుళాలే. అది తప్పితే ఆ మూగజీవి గాయంతో గంటలు, రోజులు నరకం చూస్తుంది. అందుకే 8 అంగుళాల కాగితం పళ్లెం పెట్టి సాధన చేయాలి. ఎంత దూరం నుంచి ప్రతి తూటా అందులోనే పడుతుందో... అదే ఆ వేటగాడి హద్దు.

మరో మాట. పొదల్లో కదలిక ఏమిటో చూడ్డానికి స్కోపు వాడకూడదు. అక్కడున్నది మనిషే అయితే తుపాకీ అతనికే గురిపెట్టినట్టు! దానికి బైనాక్యులర్స్ ఉండాల్సిందే. అందుకే తుపాకీ మీద కొంత తగ్గించుకునైనా మంచి స్కోపుకీ, బైనాక్యులర్స్‌కీ, సాధన తూటాలకీ డబ్బు మిగుల్చుకోవాలి. ఇన్నీ అమరాక కూడా గురి కుదరలేదనిపిస్తే తుపాకీ దించేయాలి. వేటలో తొలిపాఠం అదే!