పుస్తకము మూసిన వేళ

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి చినుకులు పడునప్పటికి నిర్మల్ పట్టణపు వీథులలో పసుపుపచ్చని బడి బస్సులు మరల కనబడును. సోన్, మామడ, లక్ష్మణచాంద, సారంగాపూర్ పల్లెలనుండి పిల్లలను ఎక్కించుకొని వచ్చు ఈ బస్సుల కిరాయికిని, యూనిఫారమునకును, బూట్లకును, పుస్తకముల కట్టకును ఒక ఇంట గల్ఫునుండి తండ్రి పంపిన పైకము, మరియొక ఇంట బీడీలు చుట్టిన తల్లి కూలి, వేరొక ఇంట పసుపు, మక్కల పంట సొమ్ము ఆధారమై యుండును. ఇంత వ్యయమునకు లోనైన తలిదండ్రులు బడినుండి మార్కులను కోరుట సహజము. బాసర ట్రిపుల్ ఐటీలో ప్రవేశము పదవ తరగతి ఫలితములనుబట్టియే లభించును గనుక ఈ జిల్లాలో ఆ కోరిక మరింత తీవ్రము. అయినను మార్కులతో ప్రత్యక్ష సంబంధము లేని పనులకు, పండుగలకు, ప్రదర్శనలకు కూడ ప్రైవేటు పాఠశాలలు తమ కాలములో కొంత పాలు కేటాయించుచునే యున్నవి. ఆ పాలు పిల్లవాని చేతికి చేరుచున్నదా, చూడవచ్చిన పెద్దల కంటికి మాత్రమే చేరుచున్నదా యనునదే ప్రశ్న.

సొంతముగ బడి పెట్టుట ఇంత సులభము కాని కాలమొకటి ఈ ప్రాంతమున గడచినది. నిజాము రాజ్యమున ఖాంగీ పాఠశాలలు, అనగా సర్కారువి కాని బడులు, ముందుగ అనుమతి పొందనిదే నడువరాదని 1924 ప్రాంతమున నిబంధనలు వెలువడినవి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతను తొలిసారి సమావేశమైన ఆంధ్ర మహాసభ నడపిన ఉద్యమములో వాని రద్దు ఒక ముఖ్యమైన కోరికగ నుండెను. పై తరగతుల బోధన ఉర్దూలో సాగుటచే తెలుగింటి పిల్లవాడును, ముధోల్, భైంసా వైపు మరాఠీ యింటి పిల్లవాడును పరభాషలోనే లెక్కలు నేర్చిరి. నేడు ఆ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించినది. భేదమేమన, నాడు ప్రభుత్వము విధించినదానిని నేడు తలిదండ్రులు డబ్బిచ్చి కొనుచున్నారు. 2018లో వచ్చిన చట్టము ప్రైవేటు బడులలో సైతము తెలుగు బోధనను తప్పనిసరి చేసినందున భాష బొత్తిగ వెలిపడలేదనుట వేరు మాట.

ఉదయపు ప్రార్థనయందు ఈ భాషావైచిత్రి చక్కగ కనబడును. వరుసలు దీరిన పిల్లలు కుడిచేయి ముందునకు చాచి ఇంగ్లీషులో వల్లించు ప్రతిజ్ఞను, నల్లగొండ జిల్లా అన్నెపర్తి గ్రామవాసియైన పైడిమర్రి వెంకటసుబ్బారావు, విశాఖపట్టణమున ఖజానా అధికారిగ నుండగా, 1962లో తెలుగులో రచించెను. దేశమంతట అది 1965 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినది. మూలము తెలుగైన దానికి అనువాదమును తెలుగుపిల్లలు కంఠస్థము చేయుచున్నారని చెప్పు ఉపాధ్యాయుడు ఏ బడిలోనైన నొకడున్నచో ఆనాటి ప్రార్థన వృథా పోలేదనవచ్చును.

తరగతిగది వ్యాసంగములలో పెద్దపీట ప్రాజెక్టులది. సౌరకుటుంబము చేసికొని రమ్మని సైన్సు టీచరు చెప్పిన సాయంకాలము స్టేషనరీ దుకాణమున థర్మోకోల్ పలకలకు, ఉండలకు గిరాకి హెచ్చును. తండ్రి బ్లేడుతో పలక కోయును, తల్లి ఫెవికాల్ పూయును, అక్క గ్రహముల పేర్లు స్కెచ్‌పెన్నుతో వ్రాయును, పిల్లవాడు నిద్రపోవును. మరునాడు బస్సులో శని వలయము విరుగకుండ కాపాడుట ఒక్కటియే వాని వంతు శ్రమ. మార్కులు ఎవరికి వేయవలెనో టీచరునకు తెలియనిది కాదు, కాని నెల తిరుగకముందే పరీక్ష ముంచుకొనివచ్చును. దీనికంటె తడిబట్టలో మూటగట్టిన పెసలు మూడవనాడు మొలకెత్తుటను కొలబద్దతో కొలిచి నోటుపుస్తకమున వ్రాసికొన్న పాఠము ఎంతయో మేలు. అందు ఖర్చును లేదు, ఇంటివారి సాయమును లేదు. అయితే అది గోడమీద అందముగ కనబడదు, తలిదండ్రుల సమావేశమున చూపుటకు పనికిరాదు.

దసరా సెలవులకు ముందుదినము బడి ఆవరణలో జరుగు బతుకమ్మ వేడుక ఈ విషయమున నాకు మిక్కిలి నచ్చినది. ఇటీవల సౌండు బాక్సులు, సినిమా బాణీలు దీనియందును చొరబడినవి గాని, పూలు పేర్చు పనిని ఏ యంత్రమును ఇంకను పిల్లల చేతినుండి లాగికొనలేదు. తాంబాళములో గుమ్మడి ఆకులు పరచి, తంగేడుపూలను మొదటి వరుసగ గుండ్రముగ కూర్చి, గునుగు కాడలను ఒకే కొలతకు కత్తిరించి చిన్న చిన్న కట్టలు కట్టి, కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, బంతిపూలతో కలిపి మీది వరుసలకు వాడుదురు. పై వరుస క్రింది వరుసకంటె కొంచెము లోపలికి జరుగవలెను. ఎంత జరుగవలెనో తప్పినచో బతుకమ్మ ఒక ప్రక్కకు ఒరగిపోవును. నడిమి బోలును కత్తిరించిన కాడలతోను, ఆకులతోను బిగువుగ కూరనిచో వరుసలన్నియు లోనికి కుంగును. చివర పసుపు గౌరమ్మ. వృత్తము, వ్యాసార్ధము, చుట్టుకొలత అను మాటలన్నియు ఆ తాంబాళములోనే యున్నవి. లెక్కల మాస్టరు మాత్రము ఆ పూట మైకు దగ్గర వైరు సరిచేయుచుండును. గునుగు చేల గట్ల మీద కలుపుగ మొలచునని, తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పమని పట్నపు పిల్లలకు పల్లెనుండి వచ్చు పిల్లలే చెప్పుట నేను విన్నాను. తరగతిలో వెనుక బెంచీ విడువని బాలిక పేర్చుటలో పెద్దదిక్కగుట ఆ దినమందే చూడవలెను.

సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవము. 1962లో రాధాకృష్ణన్ రాష్ట్రపతియైన నాటినుండి ఆయన జన్మదినమున జరుగు ఈ పండుగను మన బడులు స్వయంపరిపాలన దినముగ మార్చుకొన్నవి. పదవ తరగతి బాలికలు తల్లుల చీరలు కట్టి, బాలురు ఇస్త్రీ చొక్కాలు తొడిగి, హాజరు పట్టికతో చిన్న తరగతులకు పోవుదురు. పది నిమిషములలో వారి గొంతు బొంగురుపోవును. ఆగస్టు 15 నాడు కొన్ని బడులలో పిల్లలు ఆంగ్లేయులపై తిరుగబడిన రాంజీ గోండు వేషము కట్టి నాటకమాడుదురు. 1860లో ఆతనిని, ఆతని అనుచరులను వేయిమందిని ఉరితీసినట్లు జనశ్రుతిగల మఱ్ఱిచెట్టు ఒకప్పుడు ఈ పట్టణపు పొలిమేరలలో నుండినదే గనుక, ఆ నాటకమునకు ఊరివారు ప్రత్యేకమైన శ్రద్ధతో వత్తురు.

ఇక వార్షికోత్సవము. బయటి ఊరినుండి వచ్చిన డాన్సు మాస్టరు, అద్దె దుస్తులు, వెలుగుల వేదిక, ముందు వరుసలో పైకెత్తిన సెల్‌ఫోనులు. ఇది బడికి ప్రకటన యని అందరు నెరుగుదురు, దాచువారును లేరు. భయముతో బిగిసిన ఒక పిల్లవాడు వేదికపై రెండడుగులు సరిగ వేసినచో వానికది ఏడాది పాఠమే యని కూడ ఒప్పుకొనక తప్పదు.

2020 జాతీయ విద్యావిధానము ఆరునుండి ఎనిమిదవ తరగతి వరకు పిల్లలు పది దినములు పుస్తకసంచి లేక వచ్చి వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు వంటివారి వద్ద పని నేర్వవలెనని సూచించినది. ఆ వాక్యము నిర్మల్‌ను తలచుకొనియే వ్రాసిరా యనిపించును. తేలికయు, మెత్తనయు నగు పొణికి కర్రను ఉలితో చెక్కి, విడిభాగములను చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, తెల్లసుద్ద పూసి, ఆరిన పిదప రంగులద్ది పండ్లను, పక్షులను, జంతువులను చేయు నకాషీ పనివారు ఈ పట్టణముననే కలరు. భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలను గూర్చి పోటీపరీక్షల ప్రశ్నగ మన పిల్లలకు తెలియును. చింతగింజల జిగురు వాసన ఎట్లుండునో తెలియదు. బడినుండి ఒక పూట తీసికొనిపోయి, ఫొటో దిగి, తిరిగివచ్చుటతో ఇది తీరదు. నలువదిమంది పిల్లలు చుట్టు మూగిన పూట పనివాని బొమ్మలు ముందునకు సాగవు, ఆనాటి కూలి పోవును. డాన్సు మాస్టరునకు ముట్టజెప్పు పద్దులోనే ఇతనికిని ఒక వరుస వ్రాసికొన్న యాజమాన్యమునకు పది దినములు నింపుట కష్టము కాదు. లేతచేతులకు వెంటనే ఉలి నీయనక్కరలేదు. సుద్ద పూసి ఆరబెట్టిన బొమ్మకు రంగు వేయుటతో మొదలుపెట్టవచ్చును. ఆరవ తరగతికి మామిడిపండు చాలును. ఏనుగు సంగతి ఎనిమిదిలో చూచుకొనవచ్చును.