భయం చెప్పిన పంట వేయకండి

దొంగతనం, తగాదా, వాన: మూడింటినీ లెక్కగట్టి చూడాలి

అవుకు చుట్టుపక్కల మీకు ఊరికి రెండు కిలోమీటర్ల దూరాన మూడెకరాల చేను, అందులో ఒక బోరు ఉందనుకుందాం. మిరప వేస్తే నాలుగు డబ్బులు మిగులుతాయని మీకు తెలుసు. కానీ పోయిన ఏడు పక్క చేలో బోరు కేబులు కోసుకుపోయినారు. కళ్లంలో కాయలు ఆరబోసి రాత్రిళ్లు ఎవరు కాయాల? ఎందుకొచ్చిన బాధలే అని కొర్ర చల్లేసి ఊరుకుంటారు. కొర్ర మంచి పంటే, కాదనడం లేదు. అయితే ఆ నిర్ణయం మీ చేను చూసి చేసినదా, భయంతో చేసినదా?

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. ముఠా కక్షలు రగిలిన రోజుల్లో రాయలసీమలో రాత్రికి రాత్రి తోటలు నరికినారు, వాములు తగలబెట్టినారు. బత్తాయి కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు సాకాలి. నరకడానికి ఒక్క రాత్రి చాలు. కొలంబియా దేశంలోనూ ఇదే కనిపించింది. అల్లర్లు ఎక్కువ కాలం సాగిన చోట రైతులు ఏళ్ల తరబడి నిలిచే తోటలు తగ్గించి, త్వరగా చేతికొచ్చే పంటలకూ పచ్చిక బయళ్లకూ మారినారని 2019లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

పేదవాడు పిరికివాడా?

'చిన్న రైతుకు ధైర్యం లేదు, అందుకే ఎదగడు' అని కొందరంటారు. ఆ మాట నిజమా అని పరీక్షించినారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తరఫున హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త మహారాష్ట్ర పల్లెల్లోనూ, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి వంటి ఊళ్లలోనూ రైతులతో బొమ్మా బొరుసూ పందెం ఆడించినాడు. డబ్బు నిజమైనదే. బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు తీసుకోవచ్చు. లేదా ఒకవైపు పడితే 200, ఇంకోవైపు పడితే సున్నా ఎంచుకోవచ్చు. మధ్యలో ఇంకా మెట్లున్నాయి. 1980లో ఫలితాలు అచ్చయినాయి. పందెం పెద్దదయ్యే కొద్దీ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ దాదాపు అందరూ ఒకే తీరుగా జాగ్రత్తపడినారు. తేడా గుండెలో లేదు. అప్పు పుట్టడంలో, పెట్టుబడి దొరకడంలో ఉంది.

ఆ జాగ్రత్తకు పేదవాడు కట్టే ధర మాత్రం ఎక్కువ. అవే పల్లెల లెక్కలతో 1993లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం, వాన రాకలో అనిశ్చితి పెరిగితే అట్టడుగు పావు వంతు రైతుల లాభం 35 శాతం తగ్గుతుంది. పై వరుస రైతుకు ఏమీ తగ్గదు. కింది రైతు నష్టానికి భయపడి తక్కువ మిగిలే సేద్యానికి దిగుతాడు గనక ఇలా జరుగుతుంది.

ఇంకొక మాట. ఆఫ్ఘనిస్తాన్‌లో హింస చూసిన జనానికి పాత భయాన్ని గుర్తు చేసి, ఆ తర్వాత ఎంపిక చేసుకోమన్నారు. వాళ్లు రాబడి తగ్గినా సరే, ఖాయంగా వచ్చేదాని వైపే ఎక్కువ మొగ్గినారని 2014లో ప్రచురించినారు. కాబట్టి దొంగతనం జరిగిన మర్నాడో, గట్టు తగాదా పడిన రోజో పంట నిర్ణయం చేయవద్దు. నాలుగు రోజులు ఆగండి.

లెక్క ఇలా వేయండి

మీ ఊళ్లో 40 బోర్లున్నాయి, పదేళ్లలో 4 మోటార్లు పోయినాయి అనుకోండి. అంటే ఏడాదికి నూరు బోర్లలో ఒకటి. మోటారు, కేబులు కలిపి 30,000 రూపాయలైతే ఒక్కో బోరు మీద ఏడాది నష్టం సగటున 300 రూపాయలే. అయితే పోయినవాడికి పోయేది ఒక్కసారే 30,000. అదే అతన్ని కుంగదీస్తుంది.

అందుకే నష్టాన్ని పంచుకోవాలి. 40 మంది ఏడాదికి తలా 300 వేస్తే 12,000. పదేళ్లకు 1,20,000. నాలుగు మోటార్లకు సరిగ్గా సరిపోతుంది. మొదటి ఏడే రెండు పోతే నిధి చాలదు కాబట్టి ఆరంభంలో కొంచెం ఎక్కువ వేసుకోవాలి. లెక్క పుస్తకం ఇద్దరి దగ్గర ఉండాలి.

చేయవలసినవి

* కళ్లంలో రోజులు తగ్గించండి. నంద్యాల పరిశోధన స్థానం శనగ రకం ఎన్.బి.ఇ.జి. 47 నిటారుగా పెరుగుతుంది, యంత్రంతో కోయవచ్చు. కోత, నూర్పిడి ఒకేసారి అయిపోతే రాత్రి కావలి తగ్గుతుంది.

* తోట పెట్టే ముందు సర్వే చేయించి హద్దురాళ్లు నాటించండి. మొక్క నాటినాక గట్టు తగాదా తెగదు.

* మోటారు నంబరు రాసి, బిల్లుతో ఇంట్లో దాచండి. వస్తువు పోతే ఫిర్యాదు ఇవ్వండి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా పంపండి.

* ఫసల్ బీమా దొంగతనానికీ, కక్షతో చేసిన నష్టానికీ వర్తించదు. అది ఉందని ధీమా పడవద్దు.

* కంచెకు కరెంటు పెట్టవద్దు. దొంగ కంటే ముందు మీ ఇంటి మనిషో, పక్క చేను పశువో పడిపోతుంది. మీ మీదే కేసు అవుతుంది.

* రాత్రి ఒక్కరే దొంగల వెంట పడవద్దు. వంతుల కావలి పెట్టుకోండి. అవసరమైతే 112కు ఫోన్ చేయండి.

ఈ లెక్కంతా చూసినాక కూడా మిరప కంటే కొర్రే మేలని తేలితే, నిశ్చింతగా కొర్రే వేయండి. అప్పుడది మీరు చేసిన నిర్ణయం. విత్తనం కొనేలోగా ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చుని మీ ఊరి బోర్లెన్ని, పదేళ్లలో పోయినవెన్ని అని లెక్క తీయండి. ఆ రెండు అంకెలు తెలిస్తే భయం సగం తగ్గుతుంది. మిగతా సగానికి పదిమందీ కలిసి నిధి పెట్టుకోవచ్చు.