ఇసుకను బిగించు సున్నము

చమురు భూగర్భమున చెరువువలె నిలిచియుండునని పలువురు శ్రోతలు తలచుచుందురు. నిజమునకది ఇసుకరాతి రేణువుల నడుమనున్న సన్నని సందులలో నిండియుండును. ఆ సందులు పూడినచో చమురు కదలదు.

పూడ్చునది పెక్కుచోట్ల కాల్సైటను సున్నపు ఖనిజము. సున్నపుపాలు హెచ్చిన బావినీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన యిండ్లలో చూచుచున్నదే. భూగర్భమున నిప్పు లేదు, తొందరయు లేదు. పని మాత్రము దాదాపు అదియే.

ఇంగ్లండు దక్షిణతీరమున, డార్సెట్ సీమలోని వెస్ట్ బే వద్ద కొండచరియయందు పసుపువన్నె ఇసుకరాతినుండి గట్టి పట్టెలు అరుగులవలె పొడుచుకొని వచ్చియున్నవి. ఇది బ్రిడ్‌పోర్ట్ ఇసుకరాయి. సుమారు 18 కోట్ల ఏండ్ల క్రిందట లోతులేని సముద్రమున పేరినది. కొన్ని పొరలలో గుల్లలు మెండు. పూడుకొనిన పిదప అవి కరగి, కాల్సియము నీటిలో చేరి, ఆ పొరలలోనే కాల్సైటుగా మరల పేరుకొని రేణువులను బంధించినది.

ఎప్పుడు బంధించెనో కూడ ఊహింపవచ్చును. క్రొత్తగా పేరిన ఇసుకలో నూటికి 40 పాళ్ళ వరకు సందే. కాల్సైటు దాదాపు అంత చోటును ఆక్రమించియున్నచో, పైబరువునకు ఇసుక అణగక పూర్వమే అది పుట్టినదన్నమాట.

1973లో కనుగొన్న విచ్ ఫార్మ్ చమురుక్షేత్రమున ఈ రాయియే భూమిక్రింద చమురును నిలుపుకొన్నది. అచ్చటి పట్టెలు విడివిడి గడ్డలా, తెంపులేని పలకలా? చిక్కంతయు ఇందే యున్నది. గడ్డలైనచో చమురు వాటిని చుట్టి సాగిపోవును. పలకయైనచో పై పొరకును క్రింది పొరకును సంబంధము తెగును. బావినుండి తీసిన రాతికడ్డీ జానెడు వెడల్పైన నుండదు. పట్టె ఎంతదూరము సాగినదో అది చెప్పజాలదు. కనుకనే చమురు శాస్త్రజ్ఞులు సముద్రపుటొడ్డునకు వచ్చి, కొండచరియలోని పట్టెలను పరిశీలించిరి.