కాన్సులేటులో మన చట్టం చెప్పే మనిషి

1975లో తిరుపతిలో ఒక తెలుగు జంటకు పెళ్ళయింది. కొన్నేళ్ళకే కాపురం చెడింది. అమెరికాలో ఉన్న భర్త మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకుని, మరుసటి ఏడాది యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. తను ఉండగా రెండో పెళ్ళి చేసుకున్నాడని క్రిమినల్ కేసు పెట్టింది. మేజిస్ట్రేటు అమెరికా డిక్రీ ఫోటోస్టాట్ కాపీ చూసి భర్తను వదిలేశారు. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. చివరికి 1991 జూలైలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: హిందూ వివాహ చట్టం ఒప్పుకోని కారణంతో, అవతలి మనిషి ఆ కోర్టుకు ఇష్టపూర్వకంగా లోబడకుండా, పరాయి దేశపు కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవు. సరైన ధ్రువీకరణ లేని ఫోటోస్టాట్ కాపీ అసలే పనికిరాదు.

ఇలాంటి కాగితాలే ఒక వీసా ఆఫీసరు ముందుకు వచ్చాయనుకుందాం. ‘నా భార్యను అమెరికా తీసుకెళ్తాను’ అని దరఖాస్తు. పెళ్ళి ఎక్కడ జరిగితే అక్కడి చట్టం ప్రకారం చెల్లాలన్నది అమెరికా వలస చట్టంలో మూలసూత్రం. గుట్ట మీద జరిగిన పెళ్ళి చెల్లుతుందో లేదో చెప్పాల్సింది మన చట్టమే. ఆ ఆఫీసరు రెండు మూడేళ్ళకోసారి దేశం మారే మనిషి. మన కోర్టు తీర్పులు ఆయనకు ఎలా తెలుస్తాయి? అందుకే చాలా దేశాల రాయబార కార్యాలయాల్లో, కాన్సులేట్లలో స్థానిక చట్టం తెలిసిన స్థానిక ఉద్యోగులు ఉంటారు. ఆఫీసర్లు బదిలీ అవుతుంటారు, వీళ్ళు ఉంటారు.

మన ప్రాంతంలో ఈ ఉద్యోగానికి చిరునామా చాలాకాలం సికింద్రాబాద్. 2006 మార్చిలో హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బుష్ ఇక్కడ కాన్సులేట్ పెడతామని ప్రకటించారు. 2008 అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో, సికింద్రాబాద్ చిరునామాతో, అది మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక అమెరికా మన దేశంలో కొత్తగా తెరిచిన తొలి దౌత్య కార్యాలయం ఇదే. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రాయే ఈ ప్యాలెస్‌నూ కట్టించారు. కాన్సులేట్ రాకముందు ఇందులో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) ఆఫీసు నడిచేది. వీసా వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ పదిహేనేళ్ళకు దగ్గరగా ఈ గేటు ముందే నిలబడ్డారు. 2023 మార్చిలో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో 12.3 ఎకరాల్లో 34 కోట్ల డాలర్లతో కట్టుకున్న సొంత భవనానికి మారింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా మూడూ దీని పరిధిలోవే.

ఎవరి చట్టం ఎక్కడిదాకా అన్నది సికింద్రాబాద్‌కు పాత ప్రశ్న. నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా ఈ ఊళ్ళో పెత్తనం బ్రిటిష్ రెసిడెంటుది. 1945లో గానీ ఊరి భాగం నిజాంకు తిరిగి దక్కలేదు. నిజాం రైల్వే లైన్ల మీదా కొంత అధికారం బ్రిటిష్‌వాళ్ళకు ఉండేది. ఆ ధీమాతోనే సిమ్లా మేజిస్ట్రేటు వారంటు పట్టుకుని, నిజాం ప్రజ ఒకరిని రైల్వే హద్దులో అరెస్టు చేశారు. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1897లో ఆ అరెస్టు చెల్లదంది. రైల్వే నడపడానికి ఇచ్చిన అధికారం రైల్వే పనులకే పరిమితమని, సిమ్లా లంచం కేసుకు వర్తించదని తీర్పు. పట్టాల పక్కన అడుగు నేల మీద ఎవరి మాట చెల్లుతుందో తేలడానికి అంత దూరం పోవాల్సి వచ్చింది!

ఇప్పటికీ చాలామందికి ఒక అపోహ ఉంది. కాన్సులేట్ గేటు దాటితే అమెరికా నేల అని. కాదు. అది భారత నేలే, అక్కడ భారత చట్టమే. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఆఫీసు పని జరిగే చోటికి అనుమతి లేకుండా పోలీసులు వెళ్ళకూడదు, అంతే. అదే ఒప్పందం, ఉన్న దేశపు చట్టాన్ని గౌరవించి తీరాలనీ చెబుతుంది. కాన్సులర్ ఆఫీసరుకు రక్షణ అధికారిక విధుల వరకే. రాయబారికి ఉన్నంత రక్షణ ఉండదు. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేసినప్పుడు రెండు దేశాల మధ్య వాదన అంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది. స్థానిక ఉద్యోగికైతే ఆ రక్షణ దాదాపు లేనట్టే.

కాన్సులేట్ ఇక్కడ భూమి కొనాలంటే మన విదేశాంగ శాఖ అనుమతి కావాలి. గోడ కట్టాలన్నా, ఉద్యోగిని తీసేయాలన్నా ఇక్కడి నిబంధనలు చూడాలి. గొడవ వస్తే? సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా విదేశీ ప్రభుత్వం మీద దావా వేయకూడదు. ఢిల్లీలో అల్జీరియా రాయబార కార్యాలయానికి మరమ్మతులు చేసిన ఒక కాంట్రాక్టరు బిల్లు రాక ఏళ్ళ తరబడి తిరిగాడు. కేంద్రం అనుమతి ఇవ్వనంది. కారణం చెప్పకుండా కాదనడం కుదరదని, మళ్ళీ పరిశీలించమని 1986లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మనవాళ్ళ బాకీ అక్కడిదాకా పోకుండా ముందే ‘ఇది ఇవ్వాల్సిన డబ్బు’ అని లోపల చెప్పగలిగే మనిషి ఉండటం ఎంత మేలో ఈ కేసు చూస్తే తెలుస్తుంది.

అయితే రోజువారీ పనిలో ఎక్కువ భాగం కాగితాలు చదవడం. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌నే తీసుకోండి. కొడుకు పిలిస్తే అమెరికా వెళ్ళాలనుకుంటున్న తల్లి ఒకావిడ, నల్గొండ జిల్లాలో 1962లో పుట్టారనుకుందాం. ఆమె చూపించే సర్టిఫికెట్ మీద రిజిస్ట్రేషన్ తేదీ 2019 అని ఉంటుంది. పుట్టిన యాభై ఏడేళ్ళకు నమోదా? తెలియనివారికి ఇది దొంగ కాగితంలా కనిపిస్తుంది. తెలిసినవారికి కనిపించేది వేరు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు ఊళ్ళల్లో మంత్రసాని చేతుల్లో పుట్టినవాళ్ళను చాలాచోట్ల ఎవరూ రాసి పెట్టలేదు. ఏడాది దాటిన నమోదుకు మన దగ్గర ఆర్డీఓ ప్రొసీడింగ్స్ కావాలి. అంచేత చూడాల్సింది ఆలస్యాన్ని కాదు, ఆర్డీఓ ఉత్తర్వు ఉందా, రికార్డు లేదన్న నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ ఉందా, టెన్త్ మెమో ఉంటే అందులో తేదీ సరిపోతోందా అని. అదే 2001లో హైదరాబాద్ ఆస్పత్రిలో పుట్టిన కుర్రాడు ఇలాంటి ఆలస్యపు సర్టిఫికెట్ తెస్తే అనుమానించాల్సిందే. ఒకే రకం కాగితం, ఒకరి చేతిలో నిజం, ఇంకొకరి చేతిలో సందేహం. ఈ తేడా చెప్పగలిగే ఉద్యోగి లేకపోతే నష్టపోయేది నల్గొండ తల్లే.

ఇంటిపేర్ల చిక్కు, ఖాజీ రాసిచ్చిన ఉర్దూ నిఖానామా, దత్తత పత్రం, ఇలా ప్రతి కాగితానికీ దాని చరిత్ర ఉంటుంది.

కేసుల్లో చిక్కుకున్నవాళ్ళ సంగతి మరీ సున్నితం. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళు, భార్య పెట్టిన కేసులో లుకౌట్ నోటీసు ఉన్న సంగతి తెలియక శంషాబాద్‌లో దిగి పట్టుబడిన సందర్భాలున్నాయి. అరెస్టయినవాడు కోరితే ఆ సంగతి కాన్సులేటుకు చెప్పాలి. కాన్సులేటువాళ్ళు జైలుకు వెళ్ళి చూసి, లాయర్ల జాబితా ఇస్తారు. వాదించరు, ఫీజు కట్టరు. బిడ్డను ఒక తల్లో తండ్రో అమెరికా నుంచి తీసుకొచ్చేస్తే ఇంకో రకం తలనొప్పి. 1980 నాటి హేగ్ బాలల అపహరణ ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. అమెరికా కోర్టు ఉత్తర్వు చేతిలో ఉన్నా ఇక్కడి కోర్టుకు వెళ్ళాల్సిందే, అక్కడ ముందు చూసేది బిడ్డ క్షేమం. 2017లో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అవతల ఏడుస్తున్న తల్లికో తండ్రికో ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ మాట ఆఫీసరు నోట సరిగ్గా రావాలంటే, వెనుక ఎవరో ఒకరు సరిగ్గా రాసివ్వాలి.

ఈ సాయం మనకెంత అవసరమో గల్ఫ్ వెళ్ళినవాళ్ళ కుటుంబాలను అడిగితే చెబుతారు. నేపాలీ కాపలాదారు హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతపు అయిదుగురు దుబాయ్ జైల్లో దాదాపు పద్దెనిమిదేళ్ళు ఉండి 2024లో ఇల్లు చేరారు. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ చొరవతో మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు అంది, వాళ్ళు క్షమాపణ పత్రం ఇచ్చినా విడుదలకు ఏళ్ళు పట్టింది. అక్కడి చట్టం ఆ పత్రానికి ఎంత విలువ ఇస్తుందో చెప్పేవాళ్ళు మొదటి రోజే పక్కనుంటే ఎంత బాగుండేది! విదేశాల్లోని మన రాయబార కార్యాలయాలు 2009లో పెట్టిన సంక్షేమ నిధి నుంచి న్యాయ సహాయం ఇస్తున్నాయి. స్థానిక లాయర్లనూ ఎంపిక చేసి పెట్టుకుంటున్నాయి. ఇది ఇంకా పెరగాలి.

ఈ ఉద్యోగంలో చేరాలనుకునే లా విద్యార్థులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. బార్ కౌన్సిల్ 49వ నిబంధన ప్రకారం పూర్తికాలం జీతానికి పనిచేసేవారు లాయరుగా ప్రాక్టీసు చేయకూడదు. సనద్ (లాయరుగా నమోదు పత్రం) పక్కన పెట్టాలి. కోర్టులో గౌను వేసుకుని నిలబడే రోజులకు సెలవు. మరోవైపు విదేశీ లాయర్లు ఇక్కడ భారత చట్టం మీద ప్రాక్టీసు చేయడానికి వీల్లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మన చట్టం తెలిసినవారికి ఈ గిరాకీ పోదన్నమాట.

చదువు మాత్రం ఆగదు. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందరి నోట్లో నానిన 420 ఇప్పుడు 318. హత్య 302 నుంచి 103కు మారింది. పాత నేరానికి మాత్రం పాత సెక్షనే. 2023లో జరిగిన మోసానికి 2025లో ఎఫ్ఐఆర్ కట్టినా అందులో 420 అనే ఉంటుంది. ఆ ఎఫ్ఐఆర్ చూసి ‘రద్దయిన సెక్షన్ కదా, కేసు లేనట్టేగా’ అని అడిగిన ఆఫీసరుకు, ఉందని, ఎందుకుందో విప్పి చెప్పాల్సింది ఈ స్థానిక ఉద్యోగే.