ముగ్గులో ఆరో ఎక్కం

మా అమ్మాయి మూడో తరగతిలో ఆరో ఎక్కం దగ్గర ఆగిపోయింది. ఆఫీసు పని మధ్యలో లేచొచ్చి రోజూ అప్పజెప్పించుకునేవాణ్ణి. "ఆరు మూళ్ళు?" అనగానే జవాబు అక్కడేదో రాసున్నట్టు నా ముఖంలోకి చూసేది. ఒకరోజు "నాకు లెక్కలు రావు నాన్నా" అంది, ఏడవకుండా, తన పేరు చెప్పినంత మామూలుగా. ఇంజనీరింగు చదివిన వాణ్ణి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ డిసెంబరులో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. న్యూజెర్సీ చలిలో వాకిట్లో ముగ్గెక్కడ? గరాజ్ నేల మీదే చాక్‌పీసుతో 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు పెట్టింది. "ఎన్ని చుక్కలే తల్లీ?" అని మనవరాల్ని అడిగింది. అది ఒక్కొక్కటే లెక్కపెట్టి 37 అంది.

అప్పుడు తట్టింది నాకు. నడిమి చుక్కను వదిలేసి, దాని చుట్టూ ఉన్నవాటికి ఎరుపు, ఆ తర్వాతి చుట్టుకి నీలం, చివరి చుట్టుకి పసుపు రంగు వేయించాను. లెక్కపెట్టింది: 6, 12, 18. "నాన్నా, ఇది ఆరో ఎక్కం!"

కిటుకేమీ లేదు. ఆ చుక్కల ఆకారానికి 6 పక్కలు. ఒక చుట్టు బయటికి జరిగినప్పుడల్లా ఒక్కో పక్కకీ ఒక్కో చుక్క పెరుగుతుంది, అంటే చుట్టుకి ఆరేసి. 9 చుక్కలు, సందు చుక్క 5 వరకు పెడితే ఎన్ని అంటే, గీయకుండానే 37కి 24 కలిపి 61 అంది. తర్వాత నమ్మకం చాలక నేల మీద పెట్టి చూసుకుంది లెండి.

భిన్నాలూ అందులోనే ఉన్నాయి. 7 చుక్కల ముగ్గులో నడి చుక్క పోగా 36. గాలిమర రెక్కల్లా ఆరు భాగాలు చేస్తే, లోపల్నుంచి బయటికి 1, 2, 3 చొప్పున ఒక్కో రెక్కలో 6 చుక్కలు. మూడు రెక్కలకి రంగు వేస్తే ఆరింట మూడు భాగాలూ సగమూ ఒకటేనని కంటికి కనిపిస్తుంది. గ్రాఫు కాగితం కన్నా పిల్లలు గీసుకునే కాగితమే మేలు. చుక్కలు వాళ్ళే పెట్టాలి. మనం పెట్టిచ్చి రంగులు వేయమంటే అది డ్రాయింగు క్లాసు అవుతుంది, లెక్క మళ్ళీ విడిగా చెప్పుకోవాలి.

అన్నిటికీ ఇలా కుదరదు. పెద్ద భాగహారాలకు నాకింకా ముగ్గు దొరకలేదు, వాటి దగ్గర మా ఇంట్లో ఇప్పటికీ గొడవే.

మొన్న ఆదివారం అమ్మ ఫోను చేస్తే, పిల్ల నా చేతిలోంచి లాక్కుంది. "నానమ్మా, 11 చుక్కలైతే 91. కావాలంటే పెట్టి చూసుకో!"