రామగుండంలో నగర పాలకమండలి, ప్రణాళికాధికారం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఎన్నికైన పాలకమండలి ఒకవైపు, నగరం ఎటు పెరగాలో నిర్ణయించే ప్రణాళికా సంఘం మరొకవైపు ఉన్నప్పుడు తుది మాట ఎవరిది అన్న ప్రశ్న నగరపాలన అధ్యయనంలో పాతదే. అమెరికా వాణిజ్య శాఖ 1928లో ప్రకటించిన నమూనా నగర ప్రణాళికా చట్టం దీనికి ఒక పరిష్కారాన్ని సూచించింది. దాని ప్రకారం ప్రణాళికను ఆమోదించేది ప్రణాళికా సంఘం. ప్రణాళిక అమలులో ఉన్న ప్రాంతంలో రోడ్డు, పార్కు, ప్రభుత్వ భవనం వంటివి నిర్మించాలంటే ఆ ప్రతిపాదన ముందుగా సంఘం ఎదుటికి రావాలి. సంఘం కాదంటే పాలకమండలి తన మొత్తం సభ్యులలో మూడింట రెండు వంతుల ఓటుతో ఆ నిరాకరణను తోసిపుచ్చవచ్చు. ఎవరు గెలిచినా, ఎందుకు గెలిచారన్నది నమోదవుతుంది. ఒకరి మాట మరొకరు వినక తప్పదు.

భారతదేశంలో నగర స్థాయిలో ఇటువంటి సంఘం వేళ్లూనుకోలేదు. ఇక్కడ ప్రణాళిక ప్రధానంగా ప్రభుత్వ శాఖ పనిగా, కొన్ని నగరాల్లో 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద ఏర్పడిన ప్రాధికార సంస్థల పనిగా నడిచింది. రామగుండం విషయంలో ఈ ప్రశ్నకు మరొక మెలిక ఉంది. ఈ నగరం బొగ్గు గనుల నడుమ పెరిగింది. నేల మీది నగరానికి ఒక ప్రణాళిక, నేల కింది బొగ్గుకు ఇంకొక ప్రణాళిక ఉన్నాయి. రెండవదాన్ని తయారుచేయడంలో పాలకమండలికి స్థానం లేదు.

చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో మొట్టమొదటి అంశంగా పట్టణ ప్రణాళికను చేర్చింది. అయితే 243డబ్ల్యూ అధికరణం ఆ అధికారాన్ని నేరుగా పురపాలక సంస్థలకు అప్పగించలేదు. రాష్ట్ర శాసనసభ అప్పగించవచ్చునని మాత్రమే చెప్పింది. ఆ ‘వచ్చు’ అన్న మాటలోనే మూడు దశాబ్దాల చరిత్ర ఇమిడి ఉంది. తెలంగాణలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా పాలకమండలి ముందుకు వస్తుంది, ప్రజల అభ్యంతరాలు స్వీకరిస్తారు, కానీ సాంకేతిక పరిశీలన పట్టణ, గ్రామీణ ప్రణాళికా సంచాలకుల శాఖది, తుది మంజూరు ప్రభుత్వానిది. 2020 నాటి టీఎస్‌ బీపాస్ చట్టం వచ్చాక 75 గజాలకు మించి 600 గజాల వరకు గల స్థలాల్లో, నిర్ణీత ఎత్తుకు లోబడిన ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి లభిస్తున్నది. దళారీల బెడద తగ్గించడానికి ఇది మంచి మార్గమే. అయితే ఇల్లు కట్టుకునేవారికి, వార్డు సభ్యునికి మధ్య ఉన్న పాత ముడి కూడా దీనితో సడలింది.

పాలకమండలికి మిగిలిన శక్తి ఏమిటో 2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాల చూపించాయి. ముసాయిదా మాస్టర్ ప్లాన్లలో తమ పొలాలు పారిశ్రామిక, ఇతర మండలాల కిందికి వెళ్లాయని రైతులు ఆందోళనకు దిగారు. రెండు చోట్లా పాలకమండళ్లు ఆ ముసాయిదాలు వద్దని తీర్మానించాయి. అప్పటికి గాని, తీర్మానం చేసే అధికారం ఒకటి పాలకమండలి చేతిలో ఉందన్న సంగతి చర్చకు రాలేదు. ప్రణాళిక రూపొందేటప్పుడు వినిపించని గొంతు దాన్ని ఆపేటప్పుడు మాత్రమే వినిపించింది.

రామగుండం ప్రత్యేకత

రామగుండం 2009లో నగరపాలక సంస్థ అయింది. ఆ హోదాలో తొలి ఎన్నికలు 2014లో జరిగాయి. 2020 జనవరిలో ఎన్నికైన రెండవ పాలకమండలి గడువు 2025 జనవరిలో ముగియగా ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. ప్రణాళికా కాలం ఇరవై ఏళ్ల లెక్కలో నడిచే నగరంలో, ఎన్నికైన సభ ఉండే కాలం ఇలా తెగిపోతూ రావడం చిన్న విషయం కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 2.29 లక్షలు. కానీ దీన్ని ఒక్క ఊరుగా ఊహించుకోవడం కష్టం. గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ సింగరేణివి. జ్యోతినగర్ ఎన్టీపీసీది. ఎరువుల కర్మాగారం కాలనీది వేరే కథ. ఆ పాత కర్మాగారం 1999లో మూతపడింది, దాని స్థానంలో వచ్చిన కొత్తది 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. కంపెనీ క్వార్టర్లలో నీరు, వీధిదీపం, మురుగుకాలువ చూసేది ప్రధానంగా కంపెనీయే. అక్కడి ఓటరు కార్పొరేటర్‌ను ఎన్నుకుంటాడు, కుళాయి రాకపోతే కంపెనీ సివిల్ విభాగానికి వెళతాడు. మరోవైపు ఆర్జీ-3 ఏరియాకు చెందిన సెంటినరీ కాలనీ రామగిరి మండలంలో ఉంది. అంటే కంపెనీ ఏరియాల హద్దులు, నగర హద్దులు ఒకదానితో ఒకటి కలవవు.

రాజ్యాంగం ఈ స్థితిని ఊహించకపోలేదు. పరిశ్రమే పౌరసేవలు అందించే చోట పురపాలక సంస్థ లేకుండా పారిశ్రామిక పట్టణంగా ప్రకటించే వీలును 243క్యూ అధికరణం కల్పించింది. రామగుండంలో ఆ మార్గం పట్టలేదు, ఎన్నికైన సభనే ఏర్పరచారు. ప్రజాస్వామ్య దృష్టితో అది సరైన ఎంపిక. అయితే సభను నెలకొల్పినంత మాత్రాన భూమి మీద దానికి మాట చెల్లుతుందని కాదు.

నేల కింది ప్రణాళిక

సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గనుల ప్రణాళికకు, గని మూసివేత ప్రణాళికకు మార్గదర్శనం చేసేది కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ. భద్రతను గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది. ఓపెన్‌కాస్ట్ విస్తరణకు 2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దానిని నిర్వహించేది కాలుష్య నియంత్రణ మండలి, అధ్యక్షత వహించేది జిల్లా కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి. స్థానిక సంస్థ పాత్ర? ముసాయిదా నివేదిక ప్రతిని తీసుకొని ప్రజలు చూసేందుకు తన కార్యాలయంలో ఉంచడం. సభ్యులు వేదిక కింద నిలబడి మామూలు పౌరుల్లా మాట్లాడవచ్చు. సభగా తీర్మానించి పంపినా అది ఒక అభ్యంతరంగా నమోదవుతుందే తప్ప, మూడింట రెండు వంతుల ఓటుకున్నటువంటి బరువు దానికి లేదు.

బొగ్గు గనుల నిబంధనలు ఇంకా సూక్ష్మమైన చిక్కును ముందుకు తెస్తాయి. రైలుమార్గం, ప్రజా రహదారి, భవనం వంటి వాటి కింద గాని, వాటికి 45 మీటర్ల లోపు గాని గని పని సాగాలంటే ముందస్తు రాతపూర్వక అనుమతి కావాలి. అయితే కట్టడాల విషయంలో ‘గని యజమానికి చెందని’ అన్న షరతు ఉంది. అంటే ఆ నిబంధన రక్షణ, ఆ కట్టడం ఎవరిదన్న దానిపై ఆధారపడుతుంది. సింగరేణి భూముల్లో దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకున్నవారికి క్రమబద్ధీకరణ కల్పించే 76వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును సాధారణంగా పట్టాల పంపిణీగానే చర్చిస్తారు. పట్టా చేతికి రావడం బ్యాంకు రుణానికి, అమ్మకానికి మాత్రమే కాక, నేల కింద జరిగే పనికి ఎదురుగా ఆ ఇంటి స్థానం ఏమిటన్న ప్రశ్నకూ సంబంధించిన విషయం. ఏ భూమిని కంపెనీ వదులుకోగలదు, దేని కింద ఇంకా బొగ్గు తీయవలసి ఉంది అన్న లెక్క కంపెనీ సర్వే విభాగం పటాల్లో ఉంటుంది. నగర ప్రణాళికా విభాగం పటంలో ఆ గీతలు కూడా ఉంటేనే లేఅవుట్ అనుమతికి అర్థం ఉంటుంది. అమృత్ పథకం కింద ఎంపికైన నగరాల్లో రామగుండం ఒకటి. ఆ పథకంలో భౌగోళిక సమాచార వ్యవస్థ ఆధారిత మాస్టర్ ప్లాన్లకు ప్రత్యేక కార్యక్రమం ఉంది కాబట్టి పొరలను ఒకదానిపై ఒకటి పరిచే సాధనం లేదనడానికి వీల్లేదు.

కంపెనీ పక్షాన ఒక మాట చెప్పాలి. గని ప్రణాళిక స్థిరమైన పత్రం కాదు. పొరలో పగులు తగిలితే, నీరు ఊరితే, పైకప్పు బలహీనమైతే ప్యానెల్ మారుతుంది. కార్మికుల ప్రాణాలతో ముడిపడిన అటువంటి నిర్ణయాన్ని పాలకమండలి ఓటుకు పెట్టమని ఎవరూ కోరరు. మూసివేత తర్వాతి భూవినియోగం వేరు. 2009 నాటి మార్గదర్శకాల ప్రకారం మూసివేత ప్రణాళిక తప్పనిసరి, దానికి నిధిని ఎస్క్రో ఖాతాలో జమచేయాలి. తవ్విన గొయ్యి చెరువవుతుందా, మట్టిగుట్ట అడవి అవుతుందా, క్వార్టర్ల స్థలం ఏమవుతుంది అన్నవి అచ్చంగా నగర ప్రణాళికా ప్రశ్నలు. వాటికి జవాబు ఢిల్లీలో ఆమోదం పొందే పత్రంలో రాయబడుతున్నది.

కలవవలసిన చోటు

ఈ రెండు ప్రణాళికలు ఎదురుపడగల వేదికను రాజ్యాంగం ఏర్పాటు చేసింది. పది లక్షల జనాభా లేనందున 243జెడ్ఈ కింద మహానగర ప్రణాళికా సంఘం రామగుండానికి వర్తించదు. మిగిలినది 243జెడ్డీ కింద జిల్లా ప్రణాళికా సంఘం. అందులో కనీసం ఐదింట నాలుగు వంతుల సభ్యులు జిల్లా పంచాయతీ, పురపాలక సభ్యుల నుంచి ఎన్నిక కావాలి. పంచాయతీలకు, పురపాలక సంస్థలకు ఉమ్మడిగా సంబంధించిన భూవినియోగ ప్రణాళిక, నీరు, ఇతర సహజ వనరుల పంపకం, పర్యావరణ పరిరక్షణ దాని పరిశీలనాంశాలు. సెంటినరీ కాలనీ ఒక హద్దులో, యైటింక్లయిన్ కాలనీ మరొక హద్దులో ఉన్న బొగ్గు ప్రాంతానికి ఈ వాక్యం కొలిచి రాసినట్టుంది. 1996లో కేరళలో మొదలైన ప్రజా ప్రణాళికా ఉద్యమం ఈ సంఘాలకు స్థానిక ప్రణాళికలను ఆమోదించే పనిని నిజంగా అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చట్టం వచ్చింది, కలెక్టర్ సభ్య కార్యదర్శి అయ్యారు. 2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లాగా ఏర్పడ్డాక ఆ సంఘం పరిధి చిన్నదై, గనుల ప్రాంతానికి ఇంకా దగ్గరైంది. కంపెనీ అధికారిని శాశ్వత ఆహ్వానితునిగా పిలిచి, మూసివేత ప్రణాళికలోని భూవినియోగ భాగాన్ని సంఘం ముందుంచి, కాదన్న చోట కారణాన్ని రాతలో నమోదు చేయించడానికి కొత్త రాజ్యాంగ సవరణ అక్కరలేదు. దానికి కావలసినది ఒక ప్రభుత్వ ఉత్తర్వు, సంఘం సమావేశమయ్యే తేదీ.